బావమరిది రక్షణ

సోఫాల మేస్త్రి ప్రార్థన చేయడానికి లేచాడంటే సంఘమంతా సర్దుకుని కూర్చునేది. భక్తి ఒక్కటే కాదు, ఆయన ప్రార్థనలో ప్రతి ఆదివారం ఆయన బావమరిది ఉండేవాడు, అదీ కారణం.

"ప్రభువా, నా భార్య తమ్ముణ్ణి జ్ఞాపకం చేసుకో తండ్రీ. మొన్న తాగి వ్యాను తోలుకెళ్లి పాల దుకాణం మెట్ల మీదికి ఎక్కించాడు, నీకు తెలుసు. పాలాయన కాలరు పట్టుకుంటే నవ్వాడు, అదీ నీకు తెలుసు..."

ప్రభువుకు తెలుసు. తెలియనిదల్లా ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లకి. వాళ్లు కళ్లు మూసుకునే చెవులు రిక్కించేవారు. ఆ బావమరిదిని వీధిలో అందరూ హారన్ అని పిలిచేవారు. గొంతు అలాంటిది. మేడ మీద మాట్లాడితే వీధి మలుపులో వినపడేది. అతను గుడి గడప తొక్కి ఎరగడు గానీ, అతని పాపాలు మాత్రం వారం తప్పకుండా హాజరయ్యేవి.

మేస్త్రి సంగతి వేరు. జీవితంలో చుక్క ముట్టలేదు, బీడీ అంటించలేదు, ఆదివారం సుత్తి పట్టలేదు. పాత స్పంజి లోపల కుక్కి పైన కొత్త గుడ్డ బిగించి ఇచ్చే మేస్త్రీలు ఊళ్లో బోలెడుమంది. ఆయన దగ్గర ఆ పప్పులు ఉడకవు. స్ప్రింగు వంకరపోతే వంకరపోయిందని చెప్పి మరీ మారుస్తాడు. సంఘంలో పెద్దరికం ఊరికే రాలేదు. అయితే తెల్లగుడ్డ తెల్లదనం తెలియాలంటే పక్కన ఓ మాసినగుడ్డ ఉండాలి కదా! ఆ పనికి దేవుడు ఆయనకు బావమరిదిని ఇచ్చాడు. ఆ మాట ఆయన పైకి ఎన్నడూ అనలేదు. లోపల కూడా అనుకోలేదనే అనుకునేవాడు.

ఒక ఆదివారం వాన దంచికొడుతోంది. మేస్త్రి కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు చాపి, మంచి ఊపులో ఉన్నాడు.

"తండ్రీ, కట్టుకున్న పెళ్లాం వాడితో వేగలేక తన అక్క ఇంటికి వెళ్లిపోయినా బుద్ధి రాలేదు. ఉన్న ఉద్యోగం ఊడినా బుద్ధి రాలేదు. ఎక్కడ పడి ఉన్నాడో, ఏ బారులో దొర్లుతున్నాడో..."

అప్పుడే తలుపు చప్పుడైంది. కోడిపిల్లలా తడిసిన మనిషి లోపలికొచ్చి, చెప్పులు విడిచి, చివరి బెంచీలో ఒదిగి కూర్చున్నాడు. కళ్లు తెరిచి చూసినవాళ్లందరూ చూశారు. పాస్టరుగారూ చూశారు. మేస్త్రి ఒక్కడే చూడలేదు. భార్య ఆయన చొక్కా అంచు పట్టి లాగింది. పరిశుద్ధాత్మ కదిలిస్తోందనుకుని ఆయన గొంతు ఇంకా పెంచాడు.

"ఎక్కడున్నా సరే, వాణ్ణి ఈడ్చుకురా ప్రభువా! నీ సన్నిధిలో కూలేసి కూర్చోబెట్టు!"

"ఆమేన్!" అంది చివరి బెంచీ నుంచి ఒక గొంతు. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి.

మేస్త్రి కళ్లు తెరిచాడు. ఆ గొంతు ఎవరిదో వెనక్కి తిరగకముందే తెలిసిపోయింది.

ఆ రోజు పాస్టరుగారి ప్రసంగం గొప్పదేం కాదు. సగం మంది కునికారు కూడా. కానీ హారన్ మాత్రం మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని, తల వంచుకుని, చివరిదాకా విన్నాడు. ఆఖరి ప్రార్థనలో ఎవరో ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తున్న శబ్దం వినిపించింది. అంత పెద్ద గొంతున్న మనిషి అంత చిన్నగా ఏడవగలడని ఎవరూ అనుకోలేదు. నెల తిరక్కుండానే బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్లలోంచి లేస్తూ పెట్టిన కేకకి చంకలో ఉన్న పసిపిల్లలు జడుసుకున్నారు.

సంఘమంతా వచ్చి మేస్త్రి చేతులు పట్టుకుంది. "మీ ప్రార్థన ఫలించింది పెద్దగారూ!" అన్నారు. మేస్త్రి "దేవునికే మహిమ" అన్నాడు. అన్నాక నోట్లో ఏదో చేదు తగిలింది. పొద్దున తిన్నది పడలేదేమో అనుకున్నాడు.

మరుసటి ఆదివారం ప్రార్థనకు లేచాడు. బావమరిది రెండో వరసలో శుభ్రంగా దువ్వుకుని కూర్చున్నాడు. మేస్త్రి రోగుల కోసం ప్రార్థించాడు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించాడు, ప్రభుత్వాల కోసం కూడా ప్రార్థించాడు. ముందు వరసలో ఓ ఆవిడ ఆవలించింది.

ఆ మధ్యాహ్నం మేస్త్రి ఇంట్లో భోజనాల దగ్గర, ఎప్పుడూ ఖాళీగా ఉండే కుర్చీ ఖాళీగా లేదు. హారన్ వచ్చి కూర్చున్నాడు. అక్క వడ్డిస్తూ, ఏడుస్తూ, నవ్వుతూ, తమ్ముడి పళ్లెం మాత్రం ఖాళీ కానివ్వడం లేదు. తమ్ముడు వెళ్లాక మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "చూడాలి. ఎన్నాళ్లుంటుందో ఈ వేడి" అన్నాడు.

భార్య గిన్నెలు సర్దడం ఆపింది.

"ఇన్నేళ్లూ దేవుణ్ణి మీరడిగిందేగా ఇచ్చాడు? ఇంకేం కావాలి?"

"నాకేం వద్దు. నేనేం అన్నాను?"

"అనలేదు. కానీ ఆ మొహమేంటండీ, ఆర్డరిచ్చిన సోఫా నిజంగానే ఇంటికొచ్చేస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలీనివాడిలాగ?"

మేస్త్రి లేచి వెళ్లి పడుకున్నాడు. నిద్ర రాలేదు.

తర్వాత వారం పాస్టరుగారు హారన్‌ని సంఘం ముందు తన మార్పు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. మేస్త్రి ముందు వరసలో కూర్చుని ముఖాన్ని వినయంగా సిద్ధం చేసుకున్నాడు. తన పేరు రాక తప్పదు. వచ్చినప్పుడు తల వంచుకోవాలని కూడా అనుకున్నాడు.

హారన్ నిలబడి తల గోక్కున్నాడు.

"అబద్ధమెందుకు చెప్పాలి? ఆ రోజు నేను దేవుడి కోసం రాలేదు. వాన పడుతోంది, గొడుగు లేదు. బారు ఇంకా తెరవలేదు. మీ తలుపు తెరిచుంది."

జనం గొల్లున నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు.

"లోపలికొస్తే ఎవరో నా గురించే చెప్తున్నారు. విన్నాను. అన్నీ నిజమే. కొన్ని నేను మర్చిపోయినవి కూడా ఉన్నాయి. ఇంత చెడ్డవాణ్ణి పట్టుకుని, వీణ్ణి తీసుకొచ్చి నీ దగ్గర కూర్చోబెట్టుకో అని అడుగుతున్నారే, ఎవరిని అడుగుతున్నారు, అంత ఓపికున్నవాడు ఎవడా అనిపించింది. అంతే. మా ఆవిడ ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలీదు. మీరు ఆవిడ కోసం ప్రార్థించండి. నా కోసం చాలా అయింది."

మళ్లీ నవ్వులు, మధ్యలో కళ్లు తుడుచుకోవడాలు. మేస్త్రి తల వంచుకోవడానికి అవకాశమే రాలేదు. 'ఎవరో' అన్నాడు! ఇన్నేళ్లు మోకాళ్లు కాయలు కాసేలా ప్రార్థిస్తే, చివరికి పేరు వానకి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆదివారం ఆరాధన అయిపోయాక జనం గుంపుకట్టేది హారన్ చుట్టూనే. అతను పాటకి గొంతు కలిపితే మైకు అక్కర్లేదని మురిసిపోయేవారు. ముసలమ్మలు అతని చెంపలు పుణికేవారు. తప్పిపోయిన గొర్రె దొరికిందని అందరికీ ఆనందమే. తప్పిపోకుండా మందలోనే ఉండి, చెప్పినచోటే మేసి, చెప్పినప్పుడే పడుకున్న గొర్రె సంగతి ఎవరడుగుతారు?

అలా మేస్త్రి లోలోపల ఉడికిపోతుండగా, ఒకరోజు పక్క దుకాణంలో తాళాలు బాగుచేసేవాడు గుమ్మంలోకి తొంగిచూశాడు.

"పెద్దగారూ, చెప్పకూడదు గానీ చెప్పకుండా ఉండలేకపోతున్నా. మీ బావమరిది పొద్దుగూకితే బారులోకి వెళ్తున్నాడు. నిన్నా చూశా, మొన్నా చూశా."

మేస్త్రి చేతిలోని సుత్తి ఆగింది. "అయ్యో" అన్నాడు. ముఖం ఎంత బాధగా పెట్టాలో అంతా పెట్టాడు. కానీ గుండెలో ఏ మూలనో చిన్న దీపం వెలిగింది. ఆ దీపాన్ని చూసి ఆయనకే సిగ్గేసింది. అయినా ఆర్పలేదు.

'సంఘ పెద్దగా నిజానిజాలు తెలుసుకోవడం నా బాధ్యత' అనుకున్నాడు. బాధ్యత అనే మాటలో ఒక సుఖముంది. దాని మీద ఏ గుడ్డ బిగించినా ముడత పడదు.

సాయంత్రం దుకాణం పెందలాడే కట్టేసి బయల్దేరాడు. బారు రెండు వీధుల అవతలే. పుట్టి బుద్ధెరిగాక ఆ గుమ్మం ముందు నుంచి నడవాల్సి వస్తే అవతలి వైపుకి దాటి నడిచిన మనిషి, ఇవాళ తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి లోపలికి దూరాడు.

లోపల ఎర్ర బల్బులు, పొగ, పులిసిన వాసన. ఆయన కళ్లు ముందు బల్లల మీద పడలేదు, కుర్చీల మీద పడ్డాయి. రెగ్జిన్ చిరిగి స్పంజి బయటికొచ్చి ఉంది. ఎవడు కుట్టాడో గానీ చేతివాటం ఘోరంగా ఉంది. ఒక మూల కూర్చున్నాడు. తెల్ల చొక్కా కుర్రాడొచ్చి "ఏం తెమ్మంటారు సార్?" అన్నాడు.

"నీళ్లు."

"నీళ్లలోకి ఏం తెమ్మంటారు?"

"నీళ్లలోకి నీళ్లే!"

చివరికి సోడా వచ్చింది. మేస్త్రి దాన్ని పాముని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కనిపించాడు హారన్. నాలుగు బల్లల అవతల, పాత మిత్రుల మధ్య. చేతిలో గ్లాసు ఉంది. మేస్త్రి మెడ సాచాడు. గ్లాసులో ఉన్నది కూడా సోడాయే. కాదేమో, కాకూడదు అనుకుంటూ ఇంకా ముందుకు వంగాడు. కుర్చీ కాలు కిర్రుమంది.

హారన్ తల తిప్పాడు. అతని ముఖం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోయింది.

"బావా! నువ్వూ వచ్చేశావా!"

బారు మొత్తం తిరిగి చూసింది.

"చెప్పకుండానే తెలిసిపోయిందా నీకు? నేనొక్కణ్ణీ సరిపోవట్లేదు బావా. వీళ్లు తాగాక ఇంటికెళ్లే దారి తెలీదు, బండి తోలతామంటారు. నాకు బండి తోలడం తప్ప వేరే విద్య రాదు కదా, అందుకని ఒక్కొక్కణ్ణీ ఇంటి దగ్గర దింపుతున్నా. కనీసం పెళ్లాలకి మొగుళ్లు ప్రాణాలతో చేరతారు. పట్టు, పట్టు, ఈ పెయింటర్ని ఓ పక్క పట్టు!"

మేస్త్రి నోరు తెరిచేలోపే కొండంత పెయింటరు ఆయన మెడ మీద వాలాడు. ఆ పెయింటరు ఆయన్ని ఎవరనుకున్నాడో గానీ బుగ్గ మీద ముద్దు కూడా పెట్టాడు. ఒక పక్క బావమరిది, మరో పక్క బావ, మధ్యలో కొండ. ముగ్గురూ తూలుతూ గుమ్మం దాటారు. మేస్త్రి కాలు మెట్టు మీద జారింది. పెయింటరు "జై!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే ఆ దారిన కూరల సంచీతో పాస్టరమ్మ వస్తోంది.

హారన్ వ్యాను తలుపు తీయడానికి ముందుకెళ్లిపోయాడు. కాబట్టి ఆవిడ చూసింది ఇద్దర్నే. బారు మెట్ల మీద, ఒకరి మెడ ఒకరు కౌగిలించుకుని ఊగుతున్న పెయింటర్నీ, సంఘ పెద్దనీ. మేస్త్రి "వందనాలమ్మా" అన్నాడు. ఆవిడ సంచీ గుండెలకి హత్తుకుని, పలక్కుండా, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

ఊళ్లో నోట్లో నువ్వుగింజ నాననివాళ్లకి కొదవలేదు. ఆదివారం లోపల ఆ సంగతి మూడు రకాలుగా తిరిగొచ్చింది. ఒక రకంలో మేస్త్రి బారు బయట పాట పాడాడు. ఇంకో రకంలో ఆయన ఏళ్ల తరబడి రహస్యంగా తాగుతున్నాడు, బావమరిదికి అలవాటు చేసిందే ఆయన. మూడో రకం చెప్పడానికి భార్య ఒప్పుకోలేదు. కానీ ఆడవాళ్ల ప్రార్థన కూటం నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది.

"ఇవాళ కూటంలో మీ కోసం ప్రార్థన చేశారు."

"నా కోసమా? ఎవరు?"

"పేరు చెప్పలేదు లెండి. 'ప్రభువా, మా పెద్దల్లో ఒకరు, పేరు నీకు తెలుసు, సోఫాలు కుట్టే ఆయన' అన్నారు."

"నువ్వు చెప్పలేదా నేను తాగలేదని?"

"చెప్పా. భార్య కదా, అలాగే అంటుందని నా కోసం కూడా ప్రార్థన చేశారు."

"నీకు నవ్వెలా వస్తోంది?"

"నవ్వక ఏం చెయ్యను? ఇన్నేళ్లూ మా తమ్ముడికి పెట్టిన విందు కదా ఇది. మనమూ ఓ ముద్ద రుచి చూడాలి."

మేస్త్రికి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. ఎవరికి చెప్తే ఏమవుతుంది? తాగడానికి వెళ్లలేదు అంటే, మరెందుకు వెళ్లావంటారు. ఎందుకు వెళ్లాడో చెప్పడం కంటే తాగడానికే వెళ్లానని చెప్పడం తేలిక. దుకాణంలో కూర్చుని ఆ ముక్క ఎటు తిప్పినా కుట్టు పడలేదు. పాస్టరుగారు వచ్చి, కొత్తగా కుట్టిన సోఫా మీద అంచున కూర్చుని, "పెద్దగారూ, ఏమైనా భారం ఉంటే చెప్పుకోండి" అన్నారు. మేస్త్రి "ఏం లేదు" అన్నాడు. పాస్టరుగారు అలా జాలిగా తల ఊపడం ఆయన ఎన్నోసార్లు చూశాడు, వేరేవాళ్ల విషయంలో.

ఆదివారం వచ్చింది. మేస్త్రి వెళ్లకూడదనుకున్నాడు. వెళ్లకపోతే నిజమేనంటారని వెళ్లాడు. ఆయన కూర్చున్న బెంచీలో మిగతావాళ్లు కాస్త ఎడంగా సర్దుకున్నారు. ఆరాధన మధ్యలో హారన్ చెయ్యెత్తాడు. "ఒక మాట చెప్పాలి" అన్నాడు. అతనికి ఆ గుసగుసలు అంతకుముందు రోజే తెలిశాయట. ముఖం కందగడ్డలా ఉంది.

"మా బావ తాగాడంటున్నారంట. సిగ్గుండాలి! ఆయన ఆ గుమ్మం తొక్కింది నాకు సాయం చెయ్యడానికి. తాగినోళ్లని మోసుకుని ఇంటికి చేర్చడానికి. నేను అడగలేదు, చెప్పలేదు, తనంతట తానే వచ్చాడు. పెయింటర్ని మూడు అంతస్తులు మోశాడు ఈ వయసులో! సంఘంలో ఇంతమంది ఉన్నారే, ఒక్కరైనా వచ్చారా? ఇలాంటి మనిషిని పట్టుకుని..."

మాట పూర్తి చెయ్యకుండానే కూర్చుండిపోయాడు.

పాస్టరమ్మ ఏడ్చింది. "నన్ను క్షమించండి పెద్దగారూ, నేనే అందరికీ చెప్పాను" అంది. ఎడంగా జరిగిన బెంచీవాళ్లు దగ్గరికి జరిగారు. ఒక ముసలాయన లేచొచ్చి మేస్త్రి చెయ్యి కళ్లకద్దుకున్నాడు. పోయిన పరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది. నోరు మూసుకుని తల వంచుకుంటే చాలు.

మేస్త్రి తల వంచుకున్నాడు. వంచుకున్నవాడు మళ్లీ ఎత్తాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. భార్య చొక్కా పట్టి లాగలేదు కూడా.

"అది నిజం కాదు," అన్నాడు. "నేను సాయానికి వెళ్లలేదు. మా బావమరిది మళ్లీ తాగుతున్నాడని ఎవరో చెబితే, పట్టుకుందామని వెళ్లాను. తాగుతూ దొరకాలని కోరుకుంటూ వెళ్లాను. దొరకలేదు. నాకు బాధేసింది."

ఇక రానీ ఏం వస్తుందో అని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

పాస్టరుగారు రెండు చేతులూ పైకెత్తారు.

"చూశారా తగ్గింపు, ఎంత వినయం! చేసిన మంచిపని బయటపడితే దాన్ని కూడా దాచుకోవాలని తన మీద తానే నింద వేసుకుంటున్నాడు! ఇదయ్యా విశ్వాసి జీవితం!"

"స్తోత్రం!" అంది సంఘం ఒక్క గొంతుతో. పాట అందుకున్నారు. మేస్త్రి "కాదు, కాదు" అంటున్నాడు. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. నలభై ఏళ్ల భక్తిలో అంత నిజం ఎప్పుడూ చెప్పి ఎరగడు. అదొక్కటే ఎవరూ నమ్మలేదు.

ఒక్కడు నమ్మాడు. రెండో వరసలో హారన్ పాడటం లేదు. బావ ముఖంకేసే చూస్తున్నాడు.

బయటికొచ్చాక, జనం పలచబడ్డాక, హారన్ వ్యానుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రి తప్పించుకుని పోబోయాడు గానీ దారి అటే.

"నిజమే కదా బావా నువ్వు చెప్పింది?"

"నిజమే."

"నేను పడితే నీకు బాగుంటుందన్నమాట."

మేస్త్రి అడ్డంగా తలూపాలనుకున్నాడు. నిలువుగా ఊగింది.

హారన్ వ్యాను టైరుని కాలితో ఒకసారి తన్నాడు. తర్వాత అన్నాడు:

"వీళ్లందరూ నేనిక పడనే పడననుకుంటున్నారు బావా. చెంపలు పుణుకుతున్నారు. నాకు రోజూ గొంతు ఎండిపోతుంది, ఎవరికి చెప్పను? నేను పడతానని గట్టిగా నమ్మేవాడివి నువ్వొక్కడివే. నువ్వొచ్చి కూర్చో. కాపలా కాయి. నువ్వు సంతోషిస్తావన్న కసితోనైనా తాగకుండా ఉంటాను."

ఇలాంటి ఆహ్వానం ఏ మనిషైనా అందుకున్నాడో లేదో. మేస్త్రికి కోపం రావాలి, సిగ్గు రావాలి. వచ్చింది మాత్రం నవ్వు. ఆపుకున్నాడు.

అలా చుక్క ముట్టని సంఘ పెద్ద బారులో నిత్య ఖాతాదారు అయ్యాడు. సంఘం దీన్ని సేవ అంది. మేస్త్రి కాదనడం మానేశాడు. సాయంత్రం దుకాణం కట్టేసి వెళ్లేవాడు, మూల కుర్చీలో సోడా పెట్టుకుని కూర్చునేవాడు, బావమరిదిని కనిపెట్టుకుని ఉండేవాడు. చూసి చూసి ఉండబట్టలేక చిరిగిన కుర్చీలు కొన్ని కుట్టి కూడా పెట్టాడు. పెయింటరు ఆయన్ని 'బావగారూ' అని పిలవడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు మోశాడో, ఎందరు భార్యలు తలుపు తీసి ఆయన ముఖంలోకి చూడకుండా మొగుణ్ణి లోపలికి లాక్కున్నారో. మొదట్లో వాళ్ల గురించి ప్రార్థనలో చెప్పాలనిపించేది. తర్వాత అనిపించలేదు. ఆ ఆడవాళ్ల ముఖాలు గుర్తొచ్చేవి.

ఒకరోజు హారన్ ఆలస్యంగా వచ్చాడు. నల్లగా మాడిపోయిన ముఖంతో వచ్చి బావ పక్కన కాక, పెయింటరు ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు మేస్త్రి.

"మా ఆవిడ కోసం వాళ్లక్క ఇంటికెళ్లా. గొలుసు తీయకుండానే సందులోంచి మాట్లాడింది. మారానంటే నమ్మనంది. మారినోళ్లని ఇంతకుముందు కూడా చూశానంది. ఆ ఇంతకుముందోళ్లందరూ నేనే బావా. తప్పేముంది దాని మాటలో?"

పెయింటరు జాలిపడ్డాడు. తాగుబోతుల జాలికి ఒకటే రూపం. తన ముందున్న నిండు గ్లాసుని మెల్లగా హారన్ ముందుకి జరిపాడు.

హారన్ దాన్ని చూస్తున్నాడు. చెయ్యి బల్ల మీద ఉంది. వేళ్లు కదిలాయి.

మేస్త్రి చూస్తున్నాడు. ఇదే, ఇన్నాళ్లు కాచుకున్నది ఇదే. ఒక్క గుక్క చాలు. ఆదివారం మళ్లీ పాతరోజులు వచ్చేస్తాయి. తాను అన్నది నిజమైపోతుంది, తన తెల్లగుడ్డ మళ్లీ తెల్లగా కనపడుతుంది. గుండెలో దీపం వెలుగుతుందేమోనని చూసుకున్నాడు. వెలగలేదు. దానికి బదులు, మెట్టు ఉందనుకుని కాలేసినచోట మెట్టు లేనట్టయింది.

"వద్దురా" అన్నాడు. హారన్ వినలేదు. వేళ్లు గ్లాసుని చుట్టుకున్నాయి, గ్లాసు లేచింది.

మేస్త్రి లేచి ఆ గ్లాసు లాక్కున్నాడు. లాక్కున్నాక ఏం చెయ్యాలో తెలియలేదు. బల్ల మీద పెడితే మళ్లీ అందుకుంటాడు. పారబోద్దామంటే పెయింటరు రెండు చేతులతో మణికట్టు పట్టుకున్నాడు, "నాది! నాది!" అంటున్నాడు. హారన్ కూడా చెయ్యి చాస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క క్షణం నిలబడి, మేస్త్రి కళ్లు గట్టిగా మూసుకుని గ్లాసుని నోటికెత్తి గడగడా తాగేశాడు.



తర్వాత ఆయన దగ్గిన దగ్గుకి తెల్ల చొక్కా కుర్రాడు నీళ్లతో పరుగెత్తుకొచ్చాడు. ముక్కులోంచి, కళ్లలోంచి నీళ్లు. గొంతు పొయ్యిలా మండుతోంది. "ఇది... ఇది... ఎలా తాగుతార్రా మీరు?" అన్నాడు దగ్గుల మధ్య.

హారన్ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. ఏడుపయ్యాక లేచి, బావ చంక కింద భుజం పెట్టాడు.

"పద బావా. ఇవాళ మొదటి ట్రిప్పు నీదే."

ఇంటి తలుపు తీసిన భార్య ముందు తమ్ముణ్ణి చూసింది. వాసన తగిలింది. ముఖం పాలిపోయింది.

"మళ్లీనా?" అంది నీరసంగా.

"అక్కా, నేను కాదు."

"నేను" అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క మాటకే తూలాడు.

ఆవిడ నమ్మలేదు. తమ్ముడి నోరు తెరిపించి వాసన చూసింది. తర్వాత మొగుడి నోరు. తర్వాత ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. జరిగింది చెప్పడానికి మేస్త్రి నోరు తెరిచాడు గానీ, బయటికొచ్చింది మాట కాదు. తొట్టి దాకా తీసుకెళ్లడానికి ఇద్దరూ చెరో పక్క పట్టుకోవాల్సొచ్చింది.

"తల వంచు బావా. బిగపట్టకు, వదిలెయ్. నోటితో ఊపిరి పీల్చు. ఆ, అంతే. రెండు నిమిషాల్లో తగ్గుతుంది, నాకు తెలుసు" అంటూ హారన్ ఆయన నుదురు అరచేత్తో పట్టుకున్నాడు. చల్లటి చెయ్యి. మేస్త్రి ఆ చేతి మీద తన తల బరువంతా వదిలేశాడు.

భార్య చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడింది. "బుద్ధుందా మీకసలు? ఈ వయసులో!" అని మొదలుపెట్టి, తిడుతూనే ఆయన వీపు నిమరసాగింది.